ఇంట్లో కట్టుకునే ఫిషింగ్ రాడ్‌కి కార్క్ పిడి: చెక్కడం, నునుపు చేయడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సొంతంగా రాడ్ కట్టుకునేవాళ్ళు చాలామంది గైడ్లకు (గాలపు లైను సాగే వలయాలు) దారం చుట్టడంలో ఎంతో ఓపిక చూపిస్తారు. పిడి దగ్గరికి వచ్చేసరికి ఒక్క సాయంత్రంలో ముగించేస్తారు. చేప తగిలినా తగలకపోయినా రోజంతా చేతిలో ఉండేది ఆ పిడే. పిడి కుదరకపోతే ఎంత ఖరీదైన బ్లాంక్ (పిడి, గైడ్లు బిగించని ఉత్త రాడ్ కర్ర) అయినా మణికట్టు నొప్పి తప్పదు. కార్క్ పిడి మొదటిసారి చేస్తున్నవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. లేత్ మిషన్ లేనివాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాశాను.

పిడికి కార్కే ఎందుకు? ఫోమ్ సరిపోదా?

సరిపోతుంది. ఈవీఏ ఫోమ్ గట్టిది, చవక, మురికి పట్టినా కనిపించదు. ఉప్పునీటిలో మొరటుగా వాడే రాడ్లకు అదే మంచిదని కూడా అంటాను.

కార్క్‌ది వేరే గుణం. ఇది కార్క్ ఓక్ అనే చెట్టు బెరడు. లోపలంతా గాలి నిండిన, మూసుకుపోయిన అతి చిన్న గదులు. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి 'సెల్' అని పేరు పెట్టింది కార్క్ ముక్కలో కనిపించిన ఈ గదులకే. ఒక ఘన సెంటీమీటరు కార్క్‌లో ఇలాంటివి సుమారు 4 కోట్లు ఉంటాయి. గది గోడల్లో సుబెరిన్ అనే మైనం లాంటి పదార్థం ఉంటుంది, అది నీటిని లోపలికి ఇంకనివ్వదు. అందుకే కార్క్ తేలికగా ఉంటుంది, చలిలో పట్టుకున్నా చల్లగా తగలదు, తడి చేతికి కూడా పట్టు దొరుకుతుంది.

చేసేవాడికి ఇంకో లాభం ఉంది. కార్క్‌ను శాండ్‌పేపర్‌తోనే ఏ ఆకారానికైనా తేవచ్చు. పాడైతే ఒక్క రింగు తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. ఒకే ముక్కగా వచ్చే ఫోమ్ పిడిలో అలా ఒక్క భాగం మార్చే వీలు లేదు.

తయారుగా దొరికే పిడి కొనుక్కోవచ్చా, రింగులతో (మధ్యలో రంధ్రం ఉన్న కార్క్ చక్రాలు) మొదలుపెట్టాలా?

తయారు పిడి కొంటే రెండు పనులే మిగులుతాయి: రంధ్రం సరిచేయడం, అతికించడం. మొదటి రాడ్‌కి అది తప్పేమీ కాదు. అయితే ఆ పిడి సగటు చేతికి తయారైంది. మీ చెయ్యి చిన్నదైనా, వేళ్ళు పొడవైనా, చూపుడు వేలు పిడి మీద చాపి పట్టుకునే అలవాటున్నా రింగులతో చేసుకుంటేనే హాయి. మధ్యదారి కూడా ఉంది: కాస్త లావుగా ఉన్న తయారు పిడి కొని, మీకు కావలసినంత అరగదీసుకోవచ్చు.

రింగుల గ్రేడులు నిజంగా అంత తేడానా? ధర ఎందుకు అంత పెరుగుతుంది?

చెట్టు దగ్గరే దానికి కారణం ఉంది. కార్క్ ఎక్కువగా పండే పోర్చుగల్‌లో చెట్టుకు దాదాపు 25 ఏళ్ళు వచ్చాక మొదటిసారి బెరడు తీస్తారు. ఆ తర్వాత కనీసం 9 ఏళ్ళు ఆగాలి. మొదటి రెండుసార్లు వచ్చిన బెరడు గరుకుగా, పగుళ్ళతో ఉంటుంది. మూడోసారి తీసినప్పటి నుంచే నున్నటి కార్క్ వస్తుంది, అప్పటికి చెట్టు వయసు 40 దాటుతుంది. అందులోనూ గుంటలు తక్కువున్న భాగం కొంచెమే.

గ్రేడుల పేర్లు అమ్మేవాళ్ళను బట్టి మారిపోతాయి. ఒకరి దగ్గర రెండో రకం అన్నది ఇంకొకరి దగ్గర మొదటి రకం కావచ్చు. కాబట్టి పేరును నమ్ముకోకుండా రింగును చేతిలోకి తీసుకుని రెండు ముఖాలూ, చుట్టూ అంచూ చూడండి. నల్లటి చిన్న గీతలు, గుంటలు ఉండటం సహజం. భయపడాల్సింది రెండింటికే. ఒకటి, అంచు నుంచి లోపలి రంధ్రం దాకా సాగిన పగులు. రెండోది, గట్టిగా గోధుమ రంగులో ఉన్న చెక్క లాంటి ముక్క. శాండ్‌పేపర్ పెట్టగానే ఆ ముక్క ఊడి పెద్ద గొయ్యి పడుతుంది.

ఇంకో విషయం, గుంటలు పైన కనిపించేవి మాత్రమే కావు. అరగదీసే కొద్దీ లోపలివి బయటపడతాయి. అవసరమైన దానికంటే నాలుగైదు రింగులు ఎక్కువ కొనుక్కోండి.

ఎన్ని రింగులు కావాలి?

మామూలుగా దొరికే రింగు మందం అర అంగుళం, అంటే దాదాపు 12.5 మిల్లీమీటర్లు. వ్యాసం 32 మి.మీ. దగ్గర, మధ్య రంధ్రం 6 మి.మీ. దగ్గర ఉంటాయి. 7 అంగుళాల పిడికి 14 రింగులు. ఫ్లై రాడ్‌కి (ఈగ లాంటి కృత్రిమ ఎరను విసిరే రాడ్) ఆరున్నర నుంచి 7 అంగుళాల పిడి సరిపోతుంది. రెండు చేతులతో విసిరే రాడ్‌కి రీలు నుంచి రాడ్ అడుగు చివర దాకా దూరం మీ ముంజేయి పొడవు ఉండేలా చూసుకుని, దాన్నిబట్టి లెక్కేసుకోండి.

సీసా బిరడాలు పోగుచేసి వాడొచ్చా?

వాడొచ్చు. అయితే ఒకే ముక్కగా ఉన్న సహజ కార్క్ బిరడాలే తీసుకోండి. పొడిని జిగురుతో కలిపి అచ్చుపోసినవి గింజలు గింజలుగా రాలతాయి. బిరడా వ్యాసం 24 మి.మీ. ఉంటుంది కాబట్టి సన్నని పిడే వస్తుంది, అరగదీయడానికి పెద్దగా మిగలదు. అసలు కష్టం మధ్యలో నిటారుగా రంధ్రం వేయడం. బిరడాను రెండు మూడు చక్రాలుగా కోసి, ఒక్కో చక్రానికి విడిగా రంధ్రం వేస్తే వంకర తక్కువ పడుతుంది. పిల్లలకు చేసే చిన్న రాడ్లకు ఇది చక్కగా కుదురుతుంది.

రింగుల్ని ఒకదానికొకటి అతికించడానికి ఏ జిగురు మంచిది?

మూడు రకాలు వాడకంలో ఉన్నాయి.

నీటికి తట్టుకునే చెక్క జిగురు నాకు ఇష్టం. పలచగా పరుచుకుంటుంది, ఆరాక మరీ రాయిలా గట్టిపడదు, శాండ్‌పేపర్‌కి లొంగుతుంది. సీసా మీద నీటికి తట్టుకుంటుందని స్పష్టంగా రాసి ఉండాలి. మామూలు తెల్ల జిగురు తడికి మెత్తబడి వదిలేస్తుంది.

ఎపాక్సీ బలమైనది. కానీ కార్క్ కంటే ఎన్నో రెట్లు గట్టిది. రింగుల మధ్య మందంగా మిగిలితే తర్వాత గట్టులా నిలబడుతుంది. రింగులకు ఎపాక్సీయే వాడాలనుకుంటే వీలైనంత పలచగా రాయండి.

పాలీయురేథేన్ జిగురు నురగలా ఉబ్బుతుంది. చిన్న ఖాళీలు నింపడానికి బాగుంటుంది. ఆ ఉబ్బుకు రింగులు పక్కకు జరిగే ప్రమాదం ఉంది కాబట్టి క్లాంపు గట్టిగా ఉండాలి.

ఏది వాడినా 24 గంటలు కదపకండి. పైన ఆరినట్టు కనిపించినా గాలి తగలని మధ్య భాగం ఇంకా పచ్చిగానే ఉంటుంది.

అతికించేటప్పుడు రింగులు వంకరపోకుండా ఎలా?

పిడి బాగా రావడమూ రాకపోవడమూ ఇక్కడే సగం తేలిపోతుంది. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

రంధ్రంలో పట్టేంత లావున్న మరల కడ్డీ ఒకటి, రెండు నట్లు, రెండు పెద్ద వాషర్లు కావాలి. వాషర్లకు బదులు మధ్యలో రంధ్రం వేసిన చెక్క పలకలైతే ఇంకా మంచిది, ఒత్తిడి రింగు అంతటా సమానంగా పడుతుంది. కడ్డీని చదునైన బల్ల మీద దొర్లించి చూడండి. ఏమాత్రం వంపున్నా పక్కన పెట్టేయండి. వంకర కడ్డీ మీద తిన్నని పిడి రాదు. తర్వాత కడ్డీకి, పలకలకు కొవ్వొత్తి మైనం బాగా రుద్దండి. లేకపోతే జిగురు వాటిని కూడా పట్టేసుకుంటుంది.

జిగురు పెట్టకముందే రింగులన్నీ కడ్డీకి ఎక్కించి వరస నిర్ణయించుకోండి. అందమైనవి, గుంటలు లేనివి రెండు చివర్లకూ, బొటనవేలు ఆనే చోటుకూ ఉంచండి. చివర్లు సన్నగా అరుగుతాయి కాబట్టి అక్కడ బలహీనమైన రింగు పెడితే పెచ్చు లేస్తుంది. గుంటలున్నవి అరచేయి కప్పే మధ్య భాగానికి పంపండి. ఒక్కో రింగునూ కొంచెం కొంచెం తిప్పి పెడితే గుంటలన్నీ ఒకే వరసలోకి రావు. వరస కుదిరాక పక్క మీద పెన్సిల్‌తో అడ్డంగా ఒక ఏటవాలు గీత గీయండి. రింగులు కలిసిపోయినా ఆ గీత చూసి మళ్ళీ వరసలో పెట్టుకోవచ్చు.

రింగు ముఖాలు చదునుగా లేకపోతే గాజు పలక మీద 120 నంబరు శాండ్‌పేపర్ పరిచి నాలుగుసార్లు రుద్దండి. పొడి దులిపేసి, ప్రతి రింగుకూ రెండు ముఖాలకూ పలచగా జిగురు రాయండి. రంధ్రం చుట్టూ కొంచెం వదిలేయండి, ఒత్తినప్పుడు జిగురు అక్కడికి అదే వస్తుంది.

నట్లు బిగిస్తూ ఉండగా ప్రతి అతుకు నుంచీ జిగురు చిన్న ముత్యాల్లా చుట్టూ కనిపించాలి. అక్కడి నుంచి ఇంకో పావు చుట్టు చాలు. అంతకు మించి బిగిస్తే జిగురంతా బయటికి పోతుంది, కడ్డీ కూడా విల్లులా వంగుతుంది. కార్క్‌కి ఒక వింత గుణం ఉంది: నిలువునా నొక్కితే పక్కలకు దాదాపు ఉబ్బదు. అందుకని ఎంత బిగించామో చూపుకు తెలియదు, జిగురు ముత్యాలనే చూసుకోవాలి.

గంట గడిచాక, జిగురు చిక్కబడుతున్నప్పుడు, కడ్డీని కాస్త తిప్పి చూడండి. తిరిగితే రేపు సులువుగా బయటికి వస్తుంది.

లేత్ లేదు. డ్రిల్ మిషన్‌తో చెక్కవచ్చా?

చెక్కవచ్చు, చాలామంది అలాగే చేస్తారు. రింగులు ఎక్కించిన కడ్డీ ఒక చివర డ్రిల్ చక్‌లో బిగించండి. రెండో చివరకు ఆసరా తప్పనిసరి. ఒక చెక్క దిమ్మకు కడ్డీ పట్టేంత రంధ్రం వేసి, లోపల మైనం రాసి, దిమ్మను బల్లకు బిగించి అందులో కడ్డీ చివర పెట్టండి. ఆసరా లేకుండా తిప్పితే కడ్డీ ఊగిపోతుంది, పిడి కోడిగుడ్డు ఆకారంలో తయారవుతుంది.

డ్రిల్‌ను కూడా బల్లకు కదలకుండా కట్టేయండి. వేగం తక్కువ చాలు, నిమిషానికి 500 నుంచి 1000 చుట్ల లోపు. శాండ్‌పేపర్‌ను రెండు వేళ్ళ వెడల్పు పట్టీగా చించి, రెండు చివర్లూ పట్టుకుని పిడి మీద ఎడమకూ కుడికీ ఆగకుండా జరుపుతూ ఉండండి. ఒకే చోట నిలిపితే అక్కడ పల్లం పడుతుంది, వేడికి కార్క్ నల్లబడుతుంది. వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు, చేతికి గుడ్డ తొడుగులు తిరిగే మిషన్ దగ్గర వద్దు. శాండ్‌పేపర్ పట్టీని వేలికి చుట్టుకుని పట్టుకోవద్దు. అది చిక్కుకుంటే వేలిని కూడా లాగేస్తుంది.

ఏ మిషనూ లేకుండా చేతితోనే?

కుదురుతుంది, టైమ్ ఎక్కువ పడుతుంది అంతే. ముందు పదునైన బ్లేడుతో నాలుగు పక్కలా కోసి చతురస్రంగా చేయండి, మూలలు కోసి ఎనిమిది పలకలు, మళ్ళీ మూలలు తీసి పదహారు పలకలు. అప్పటికి దాదాపు గుండ్రం వస్తుంది. అక్కడి నుంచి ఆకురాయి, తర్వాత శాండ్‌పేపర్. ఒక చేత్తో పిడిని తిప్పుతూ రెండో చేత్తో రుద్దాలి. బ్లేడు కొత్తది వాడండి. మొద్దుబారిన బ్లేడు కార్క్‌ను కోయదు, పెరుకుతుంది.

విడిగా చెక్కి రాడ్‌కి ఎక్కించాలా, రాడ్ మీదే చెక్కాలా?

రెండింటికీ లోటు ఉంది. విడిగా చెక్కితే పని సులువు, బ్లాంక్‌కి గీతలు పడవు. కానీ 6 మి.మీ. రంధ్రాన్ని తర్వాత పెద్దది చేసేటప్పుడు అది కొంచెం పక్కకు జరిగినా పిడి ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా అయిపోతుంది. రాడ్ మీదే మొత్తం చెక్కితే కేంద్రం తప్పదు. కానీ పొడవాటి బ్లాంక్‌ను మిషన్‌లో తిప్పడం ప్రమాదం, ఊగి విరగవచ్చు.

నేను సిఫార్సు చేసేది రెండూ కలిపి. మొదట కడ్డీ మీద ఆకారం తెచ్చి, చుట్టూ 2 మి.మీ. అదనంగా ఉంచేయండి. తర్వాత రంధ్రం సరిచేసి రాడ్‌కి అతికించండి. జిగురు ఆరాక బ్లాంక్‌ను చేత్తోనే తిప్పుతూ చివరి 2 మి.మీ. అరగదీయండి. రంధ్రం కొంచెం పక్కకు జరిగి ఉన్నా ఈ దశలో సరైపోతుంది. ముందుగా పిడికి పైనా కిందా బ్లాంక్ మీద మాస్కింగ్ టేపు మూడు నాలుగు పొరలు చుట్టడం మరిచిపోవద్దు.

ఏ ఆకారం ఎంచుకోవాలి?

ఫ్లై రాడ్లకు నాలుగు ఆకారాలు ప్రసిద్ధం. రెండు చివర్లా సన్నబడేది సిగార్. ముందువైపు బొటనవేలికి ఆనుగా ఉబ్బి వెనక్కి సన్నబడేది హాఫ్ వెల్స్. దాన్ని తిరగేసినది రివర్స్ హాఫ్ వెల్స్, ముందు సన్నగా, రీలు వైపు వెడల్పుగా ఉంటుంది. రెండు చివర్లా ఉబ్బి ఉండేది ఫుల్ వెల్స్. బరువైన లైను, పెద్ద చేపలకు ఫుల్ వెల్స్ బాగుంటుంది, బొటనవేలితో గట్టిగా తోయడానికి ఆధారం ఉంటుంది. తేలికపాటి రాడ్‌కి సిగార్ గానీ రివర్స్ హాఫ్ వెల్స్ గానీ చాలు.

అయితే బొమ్మ చూసి కొలతలు దించేయవద్దు. కొలవాల్సింది మీ చేతిని. రకరకాల లావున్న కర్రలు, పైపు ముక్కలు పట్టుకుని చూడండి. పట్టుకున్నప్పుడు మధ్యవేలి కొన బొటనవేలి మొదట్లో ఉండే కండను తేలికగా తాకితే ఆ లావు మీకు సరిపోయినట్టే. వేలు లోపలికి పొడుచుకుంటే సన్నం, అందకపోతే లావు. చాలామందికి ఇది 22 నుంచి 27 మి.మీ. మధ్య ఎక్కడో తేలుతుంది. లావు పిడి చేయి అలసటను తగ్గిస్తుందని కొందరు అనుకుంటారు, కానీ మరీ లావైతే ఇంకా గట్టిగా పట్టుకోవాల్సి వచ్చి అలసట పెరుగుతుంది.

ఆకారం తేలాక అట్ట ముక్క మీద సగం రూపు గీసి కత్తిరించుకోండి. చెక్కుతూ ఉండగా మిషన్ ఆపి ఆ అట్టను పిడికి ఆనించి వెలుతురుకు ఎదురుగా చూస్తే ఎక్కడ తీయాలో తెలిసిపోతుంది. ప్రతి అంగుళానికీ కాలిపర్స్‌తో కొలిచి పెన్సిల్ గీత పెట్టుకుంటే ఇంకా మేలు.

శాండ్‌పేపర్ నంబర్లు ఏ వరసలో?

60 లేదా 80తో ఆకారం తేవాలి. కావలసిన కొలతకు ఒక మిల్లీమీటరు మిగిలి ఉండగానే 80 ఆపేయండి, అది వదిలే లోతు గీతలు తీయడానికి ఆ మిల్లీమీటరు కావాలి. తర్వాత 120, 220, 320. నచ్చితే 400. అంతకు మించి వెళ్ళొద్దు, కార్క్ మరీ మెరిసిపోయి తడి చేతికి జారుతుంది.

నంబరు మారిన ప్రతిసారీ పొడి తుడిచేయండి. ముతక కాగితం వదిలిన ఒక్క రవ్వ ఉన్నా సన్న కాగితం కింద గీత పడుతుంది. చివరి రెండు నంబర్లకు మిషన్ ఆపి, పొడవునా చేత్తో మెల్లగా రుద్దితే చుట్టూ పడిన సన్నని గీతలు కూడా పోతాయి.

రింగుల మధ్య అతుకులు గట్టుల్లా చేతికి తగులుతున్నాయి. ఏం చేయాలి?

జిగురు మందంగా మిగిలిందన్నమాట. గట్టి జిగురు నిదానంగా, మెత్తటి కార్క్ త్వరగా అరుగుతాయి. వేళ్ళతో నొక్కిపట్టిన శాండ్‌పేపర్ మెత్తగా ఉండటం వల్ల కార్క్‌లోకి దిగి గట్టులను వదిలేస్తుంది. ఒక చదునైన చెక్క ముక్కకు 220 శాండ్‌పేపర్ అతికించి, తేలిక చేత్తో పొడవునా రుద్దండి. గట్టి వెనుదన్ను ఉంటే ఎత్తుగా ఉన్న గట్టే ముందు తెగుతుంది. కొత్త కాగితం వాడండి, అరిగిన కాగితం కార్క్‌ను మాత్రమే తింటుంది.

మచ్చల మచ్చలుగా ఉండే గట్టి కార్క్ రింగులు చివర్లలో పెట్టొచ్చా?

పెట్టాలి అనే అంటాను. కార్క్ ముక్కలను రబ్బరుతోనో జిగురుతోనో కలిపి చేసిన రింగులు ఇవి. పడవ అంచుకు, రాళ్ళకు తగిలేది పిడి చివరే, అక్కడ ఇవి సహజ కార్క్ కంటే బాగా తట్టుకుంటాయి. బరువు కాస్త ఎక్కువ కాబట్టి ఒకటీ రెండూ చాలు. గట్టివి కావడంతో ఇవి నిదానంగా అరుగుతాయి, పక్కనున్న మెత్తటి రింగు పల్లమైపోతుంది. ఆ అతుకు దగ్గర ఇందాక చెప్పిన చెక్క ముక్కే వాడండి.

రంధ్రం ఎంత పెద్దది చేయాలి? ఎలా?

బ్లాంక్ అడుగున లావుగా, కొన వైపు సన్నగా ఉంటుంది కాబట్టి రంధ్రం కూడా అదే వాలులో ఉండాలి. డ్రిల్ బిట్‌తో వేస్తే నిటారు రంధ్రం వస్తుంది, ఒక చివర బిగువు, ఒక చివర వదులు. పాత విరిగిన రాడ్ ముక్కో, మీ బ్లాంక్‌కి దగ్గర వాలున్న కర్రో తీసుకుని దానికి 80 నంబరు శాండ్‌పేపర్ పట్టీని మెలిక తిప్పుతూ అతికించండి. రంధ్రం అరగదీసే పనిముట్టు తయారైనట్టే. గుండ్రటి ఆకురాయి కూడా పనిచేస్తుంది, కాకపోతే చేయి ఒకవైపే నొక్కకుండా పిడిని తిప్పుతూ ఉండాలి.

పిడి ఉండాల్సిన చోట బ్లాంక్ మీద టేపుతో గుర్తు పెట్టుకోండి. కొంచెం అరగదీయడం, ఎక్కించి చూడటం, మళ్ళీ తీయడం. గుర్తుకు ఒక సెంటీమీటరు దూరం దాకా బలం పెట్టకుండా వస్తే చాలు, మిగిలినది జిగురు జారుడుతో వెళ్ళిపోతుంది. ఇరుకుగా ఉండగా బలవంతంగా నెట్టితే కార్క్ లోపలి నుంచి పొడవునా పగులుతుంది. ఆ పగులు అప్పుడే కనిపించకపోవచ్చు, కొన్నాళ్ళ వాడకంలో బయటపడుతుంది. వదులు ఎక్కువైతే బ్లాంక్‌కి మాస్కింగ్ టేపు పట్టీలు ఎడం ఎడంగా చుట్టి మధ్య ఖాళీల్లో ఎపాక్సీ నింపండి. ఎడం లేకుండా చుడితే పిడిని టేపు మాత్రమే పట్టుకుని ఉంటుంది.

రాడ్‌కి అతికించడానికి ఏది వాడాలి?

నిదానంగా గట్టిపడే ఎపాక్సీ. ఐదు నిమిషాల రకం వద్దు, పిడి సగం దారిలో ఉండగానే పట్టేస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. బ్లాంక్ మీద పిడి వచ్చే చోటును 220తో మెరుపు పోయేదాకా మాత్రమే తేలిగ్గా గరుకు చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. రంధ్రంలో పొడి లేకుండా ఊదేయండి. గైడ్లు కట్టకముందే, కొన వైపు నుంచి ఎక్కించాలి. తిప్పుతూ దించితే జిగురు చుట్టూ సమంగా పరుచుకుంటుంది. పైకి పొంగిన ఎపాక్సీని ఆరకముందే ఆల్కహాల్ గుడ్డతో తుడిచేయండి.

రీలు సీటు (రీలును బిగించే అమరిక) కప్పు పిడి లోపలికి దూరేలా చేయాలనుకుంటే దానికి కావలసిన గాడిని పిడి అతికించకముందే తవ్వుకోవాలి. తర్వాత అక్కడ చేయి పెట్టే చోటుండదు.

గుంటలు పూడ్చాలా?

పెద్దవి పూడ్చాలి, నీరూ మురికీ చేరి అక్కడే కార్క్ పెచ్చులు లేస్తుంది. చిన్నవి వదిలేయండి. అసలు గుంటే లేని కార్క్ పిడి ఉండదు.

చాలామంది కార్క్ పొడిని జిగురులో కలిపి పెడతారు. ఆరాక అది చుట్టుపక్కల కంటే ముదురు రంగులో, గట్టిగా తయారవుతుంది. నీళ్ళతో కలిసే చెక్క పుట్టీని లేత రంగులో తీసుకుని, దాంట్లో కొంచెం సన్నని కార్క్ పొడి కలిపితే రంగు దగ్గరగా వస్తుంది. 120 నంబరు అయ్యాక పూడ్చి, పూర్తిగా ఆరనిచ్చి, 220తో కొనసాగించండి. పుట్టీ ఆరాక కుంగుతుంది కాబట్టి కొంచెం ఉబ్బుగా పెట్టండి.

చివర్లో వార్నిష్ వేయాలా?

గట్టి వార్నిష్ వద్దు. కార్క్ చేతిలో అణిగి లేస్తూ ఉంటుంది, పైపొర అలా కదలలేక పగిలి పొరలుగా ఊడిపోతుంది. కార్క్‌కని ప్రత్యేకంగా చేసే మెరుపు లేని సీలర్లు ఉన్నాయి. పలచగా ఒకటి రెండు పూతలు వేస్తే మురికి తక్కువ పడుతుంది, పుట్టీ కూడా నిలుస్తుంది. అవిసె నూనె లాంటివి రంగును ముదురు చేస్తాయి. నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా పడేయవద్దు. వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం నిజంగా ఉంది. ఆరుబయట పరిచి ఆరనివ్వండి.

నా పిడులకు పుట్టీ తక్కువగా ఉంటే ఏ పూతా వేయను. పచ్చి కార్క్ ఇచ్చే పట్టు ఏ పూతకూ రాదు.

కార్క్ పొడి ఆరోగ్యానికి హానికరమా?

మాస్కు తప్పకుండా పెట్టుకోండి. కార్క్ ఫ్యాక్టరీల్లో బూజు పట్టిన కార్క్ పొడిని ఏళ్ళ తరబడి పీల్చిన కార్మికుల్లో కొందరికి సుబెరోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. ఇంట్లో ఒకటీ రెండూ చేసుకునేవాళ్ళకు అంత మోతాదు ఉండదు, అయినా సన్నని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. బూజు వాసన వచ్చే రింగులు వాడొద్దు. ఎపాక్సీ చర్మానికి తగిలితే కొందరికి అలర్జీ మొదలవుతుంది, ఒకసారి మొదలైతే మళ్ళీ తగిలినప్పుడల్లా వస్తుంది. నైట్రైల్ రబ్బరు గ్లవ్స్ వేసుకోండి, మిషన్ తిప్పేటప్పుడు మాత్రం తీసేయండి.

నల్లబడిన పిడిని ఎలా శుభ్రం చేయాలి?

గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు ద్రవం, మెత్తటి బ్రష్. నీడలో ఆరబెట్టాలి. అప్పటికీ పోకపోతే మెలమైన్ స్పాంజితో రుద్దండి. శాండ్‌పేపర్ చివరి మార్గం, ప్రతిసారీ పిడి కాస్త సన్నబడుతుంది, పుట్టీ కూడా ఊడుతుంది. కొత్త రాడ్‌కి చుట్టి వచ్చిన ప్లాస్టిక్ కాగితాన్ని శుభ్రంగా ఉంటుందని అలాగే ఉంచేస్తారు కొందరు. లోపల తడి చేరి బూజు పడుతుంది, తీసేయండి.

వాడుతున్న రాడ్‌లో ఒక రింగు విరిగింది. పిడి మొత్తం మార్చాలా?

అక్కర్లేదు. విరిగిన రింగును రెండు అతుకుల మధ్య నిటారుగా కోసి, బ్లాంక్ దాకా శుభ్రంగా తీసేయండి. బ్లాంక్ దగ్గరికి వచ్చేసరికి బ్లేడు వదిలేసి శాండ్‌పేపర్‌కి మారండి, కార్బన్ బ్లాంక్ మీద చిన్న గాటు పడినా అక్కడే విరుగుతుంది. కొత్త రింగు రంధ్రాన్ని ఆ చోటు లావుకు సరిచేసి, సన్నని బ్లేడుతో నిలువునా రెండు సగాలు చేయండి. జిగురు రాసి రెండు సగాలనూ బ్లాంక్ చుట్టూ పెట్టి, సైకిల్ ట్యూబు పట్టీతో గట్టిగా చుట్టి 24 గంటలు వదిలేయండి. పాత కార్క్ వాడకంలో రంగు మారి ఉంటుంది కాబట్టి కొత్త రింగు తెల్లగా కనిపిస్తుంది. 220తో పాతదానికి సమంగా అరగదీసి అలాగే వాడండి, చేతి మురికికి నాలుగు నెలల్లో రెండూ ఒకే రంగుకు వచ్చేస్తాయి.